వాగు అవతలి టార్చీలు

ఏటూరునాగారం దాటాక గుట్టల మీది ఊళ్లకు దారి చూపేది ఎస్తేరు. ఒకప్పుడు నక్సలైటు అన్నలూ పోలీసులూ తుపాకులతో తిరిగిన అడవిని చూడాలని వరంగల్ నుంచి వచ్చినవాళ్లను, చీకటి పడుతుంటే వరసగా నడిపిస్తోంది. ముందువాళ్ల బ్యాగును వెనకవాళ్లు వదలకూడదన్నది ఆమె పెట్టిన నియమం. ఆమె బ్యాగు పట్టుకున్నది బట్టల దుకాణం వీరేశం సేటు.

వాగు దాటి గుట్ట ఎక్కుతుంటే బ్యాగు బరువెక్కింది.

"సేటూ, గంత గుంజకుండ్రి," అంది ఎస్తేరు.

సేటు జవాబు వాగు అవతలి నుంచి వచ్చింది. "జర ఆగు బిడ్డా. మేమింకా నీళ్లల్ల దిగనే లే."

బ్యాగు మీది చెయ్యి మాత్రం కదల్లేదు. ఎస్తేరు టార్చి వెనక్కి తిప్పబోయింది.

"లైటు బంద్ చెయ్యక్కా," చెవి పక్కనే ఒక లేత గొంతు పలికింది. "చూస్తే కాలుస్తరు."

ఎస్తేరు టార్చి ఆర్పలేదు.

"నా మనుషులు అవతలున్నరు. వాళ్లను ఇడిసిపెట్టి నేను పోను," అంటూ వెనక్కి తిరిగింది. బ్యాగు తేలికైంది. వెనక ఎవరూ లేరు.

అవతలి గట్టున సేటువాళ్ల టార్చీలు ఊగుతున్నాయి. ఆమె చూస్తుండగానే అవి ఒక్కొక్కటీ ఆరిపోయాయి. ఎవరూ కేక వేయలేదు.

అడవి మొత్తంలో ఇక వెలుగుతున్నది ఆమె టార్చి ఒక్కటే. దాన్ని ఇంకాస్త పైకెత్తి ఎస్తేరు వాగులో దిగింది.