రోజొక ముల్లు

అసలు మనిషి మారాడని తానెందుకు నమ్మింది?

సరోజన గడపకు ఆనుకుని ఆలోచిస్తూనే ఉంది. వాచిన చెంప ఇంకా సలుపుతోంది.

నిరుడంతా జగపతి చెయ్యెత్తలేదు. తన ఓర్పు చూసే భర్త మెత్తబడ్డాడని లోలోపల మురిసింది. ఈమధ్య మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడు తన తప్పేమిటో వెతుక్కుంటోంది.

నిరుడంతా దీపాల వేళకు తండా నుంచి కమ్లీ వచ్చేది. కట్టెలమోపు దించి, అరుగు మీద చతికిలబడేది.

"సూదియ్యి దొరసానీ, ముల్లిరిగింది."

అత్త లోపలి నుంచే సణిగేది. "అడివిల ముండ్లన్ని నీ కాలికేనానే?"

"నా కాలంటే వాటికి పానం, అవ్వా."

జగపతి వచ్చి, తిని, పడుకునేదాకా ఆ ముల్లు ఊడేది కాదు. కొడకండ్ల ఊళ్లో అతనంటే అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో జెండా పట్టి జైలుకెళ్లిన మనిషి. పరాయివాళ్ల ముందు గొంతు కూడా పెంచడు.

ఇంటి గుట్టు చూడ్డానికే కూర్చుంటుందని సరోజనకు చిరాకు. ఒకరోజు సూది ఇవ్వకుండానే లోపలికి పోయింది. కమ్లీ గోటితో గీరుకుంటూ అక్కడే కూర్చుంది.

కొన్నాళ్లుగా రావడం లేదు. ఈరోజు మోపు తెచ్చింది ఆమె మొగుడు లక్ష్మా.

"కమ్లీ రాలే?"

"జరమొచ్చి పానమిడిసింది దొరసానీ, మొన్న అమాసకు."

సరోజన మోపు వైపు చూసింది. "పాపం, రోజొక ముల్లు గుచ్చుకునేది."

"ముల్లా?" లక్ష్మా తెల్లబోయాడు. "టైరు చెప్పులు లేంది అడుగేసేది గాదు. గా మూలమలుపు కాడ ఇడిసి వస్తుండె."

"మరి గంతసేపు ఏం తీసేది?"

లక్ష్మా నేల చూశాడు.

"మా బిడ్డ గంగిని మొగడు కొట్టి సంపిన పొద్దు, దాని వాకిట్ల ఎవ్వలు లేకుండె దొరసానీ."

అతను వెళ్లిపోయాడు. ఒక మనిషి ఏడాదిపాటు కాపలా కాసేంత విలువ తనకుందని సరోజనకు ఇన్నాళ్లూ తెలియదు.

పక్కింట్లో గిన్నె ఎగిరిపడింది. వెంకట్రాం అరుపు. అతని భార్య సునంద ఏడుపు.

దీపాల వేళ ఆ వాడ ఆడవాళ్లు గడప దాటరు.

సరోజన దాటింది, ఉత్త కాళ్లతో.

"ఎటు?" అన్నాడు అప్పుడే వస్తున్న జగపతి.

ఆమె తల తిప్పలేదు. పక్కింటి అరుగెక్కి, కాలు మీద కాలేసుకుని కూర్చుని, వాడంతా వినపడేలా పిలిచింది.

"సునందా, సూదియ్యి. ముల్లిరిగింది."