చక్రం తిప్పే పని

వాళ్ళుండే ఐరిష్ ఊరు క్లాండాల్కిన్‌లో వాన తెరిపిచ్చిన ఓ ఆదివారం, నిశాంత్ ఖాళీ దగ్గుమందు సీసాలో నూనె పోసి, దానికి సన్నటి ప్లాస్టిక్ గొట్టం తగిలించి తన బైకుకు కట్టాడు. భార్య హేమమాలిని చేత్తో వెనకచక్రం తిప్పింది. నూనె చుక్క చుక్కగా చైన్ మీద పడింది.

"ఇలాంటిది కొనాలంటే బోలెడవుతుంది. మనకి దాదాపు ఫ్రీ!" అని మురిసిపోయాడు. "ఇంక బండి నడుస్తుంటే నూనె దానంతటదే పడుతుంది. నువ్వు ప్రతివారం చలిలో కూర్చుని చక్రం తిప్పక్కర్లేదు, హేమా."

"గ్రాండ్," అంది ఆమె, అక్కడివాళ్ళు 'సరే' అనే తీరులో. కానీ లేవలేదు. చక్రం మీంచి చెయ్యి తియ్యలేదు.

వాళ్ళ పాప పుట్టిన రోజునే పోయాక, నిశాంత్ ఇంట్లో ఆ ఊసెత్తడం మానేశాడు. ఆదివారాలు మాత్రం, ఆమె చక్రం తిప్పుతుంటే, చైన్‌కి నూనె రాస్తూ, తలెత్తకుండా పాప గురించి మాట్లాడేవాడు. పెట్టాలనుకున్న పేరు అతని నోట ఆమె వినేది అప్పుడు మాత్రమే.