మూడు కిలోల పొరపాటు

తొంభై కిలోల రాడ్డు ఆ పొద్దున మూడోసారి దబ్బున కిందపడింది.

"మళ్ళీ భుజాల దాకా వచ్చి ఆగిపోయింది," అన్నాడు కోచ్, ఆ సంగతి రాడ్డు ఎత్తిన అమ్మాయికి తెలియదన్నట్టు.

ఎనభై ఏడు కిలోలు ఆమె నవ్వుతూ తలమీదికి ఎత్తేస్తుంది. తొంభై అనేసరికి చేతులు చల్లబడతాయి. ఏడాదిగా ఇదే వరస. హాస్టల్లో తోటి ఆడపిల్లలు ఆమెకి పేరే మార్చేశారు. "ఎనభై ఏడూ, భోజనానికి రావే," అని పిలిచేవారు. వాళ్ళతోపాటు తనూ నవ్వేసేది. గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాక ఆ నవ్వు ఉండేది కాదు.

ఇంకో ఆరు వారాల్లో సెలక్షన్. తొంభై దాటకపోతే హాస్టల్లో ఆమె మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్ళడమే.

కోచ్ కుర్రవాడే, బాగా చదువుకున్నవాడు. ఆటగాళ్ళ మనసు గురించి పుస్తకాలు తిరగేసి, అందులో ఉన్నవన్నీ చేయించాడు. కళ్ళు మూసుకుని తొంభై ఎత్తినట్టు ఊహించుకోమన్నాడు. భయాలన్నీ కాగితాల మీద రాసి చింపెయ్యమన్నాడు. చింపిన కాగితాలతో చెత్తబుట్ట నిండింది గానీ రాడ్డు లేవలేదు.

ఆ వారమే, ప్లేట్లు మార్చడానికి ఒక పెద్దాయన పనిలో చేరాడు. రాడ్డుకి రెండు వైపులా చెప్పిన బరువు తగిలించడం, చెమట పడితే తుడవడం, అంతే ఆయన పని. అదీ ఎంత నిదానమంటే, మూడో రోజుకే పిల్లలు గూడ్సుబండి అని పేరు పెట్టేశారు.

ఆయన్ని చూస్తే ఆ అమ్మాయికి ఒళ్ళు మండేది. ఒక ప్లేటు పెట్టి, దాన్ని గుడ్డతో తుడిచి, అవతలి వైపుకి నడిచి ఇంకోటి పెట్టేసరికి ఒంట్లో వేడి కాస్తా చల్లారిపోతోందని ఆమె గొడవ.

"కాస్త చెయ్యి ఆడించు తాతా. నీకోసం సెలక్షన్ ఆగదు," అంది ఒకసారి.

"బరువెక్కడికీ పారిపోదమ్మా. ఈలోగా నువ్వు ఊపిరి పీల్చుకో," అన్నాడాయన.

అంతకుమించి ఆయన మాట్లాడగా ఎవరూ వినలేదు.

సెలక్షన్ ఇంకా రెండు వారాలుందనగా, ఒక పొద్దున కోచ్ ఫోన్ వచ్చిందని బయటికి వెళ్ళాడు. తను వచ్చేలోగా ఎనభై ఏడు ఒకసారి ఎత్తి ఉండమన్నాడు. పెద్దాయన ప్లేట్లు తగిలించి పక్కకి జరిగాడు. ఆమె చేతులకి సుద్దపొడి రాసుకుని వంగింది. రాడ్డు రోజుటికంటే బరువుగా భుజాల మీదికొచ్చింది. తనని తాను తిట్టుకుంటూ తలమీదికి ఎత్తేసింది.

"ఖర్మ, ఇవాళ ఎనభై ఏడు కూడా బరువెక్కిపోయింది," అని విసుక్కుంటూ దింపింది.

అప్పుడే లోపలికొచ్చిన కోచ్ రాడ్డు దగ్గర ఆగిపోయాడు. ఆ పాత హాల్లో ప్లేట్ల రంగులు ఎప్పుడో చెరిగిపోయాయి. చిన్నవన్నీ పైపైన చూస్తే ఒక్కలాగే ఉంటాయి. రెండు వైపులా చివర కిలో ప్లేటు ఉండాల్సిన చోట రెండున్నర కిలోలది ఉంది.

అంటే తొంభై.

ఆమె అక్కడే చతికిలబడింది. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తెలియలేదు. ప్లేట్లను వేలితో తడుముతూ ఒకటికి నాలుగుసార్లు కూడుకుంది. ఇరవై అయిదు, పది, రెండున్నర. రెండు వైపులా కలిపి డెబ్బై అయిదు, ఉత్త రాడ్డు పదిహేను.

కోచ్ అందరి ముందూ పెద్దాయన మీద విరుచుకుపడ్డాడు. చెప్పింది ఒకటి, వేసింది ఒకటి అయితే పిల్ల నడుము విరిగేదని, ఇలాంటి తప్పు చేసినవాడికి ఈ హాల్లో చోటు లేదని కేకలేశాడు. పెద్దాయన "పొరపాటైపోయింది సార్," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళడమూ నిదానంగానే వెళ్ళాడు. ఆమె తలెత్తి ఒక్క మాట అని ఉంటే బాగుండేది. కూడికలో పడి తలెత్తలేదు.

ఆ తర్వాత తొంభై ఆమెకి మంచినీళ్ళ ప్రాయమైపోయింది. సెలక్షన్‌లో తొంభై నాలుగు ఎత్తింది. హాస్టల్లో మంచం నిలిచింది.

మనసు మాత్రం నిలవలేదు. కొత్తగా చేరినవాడు చకచకా ప్లేట్లు వేసి తప్పుకునేవాడు. రాడ్డు ముందు నిలబడిన ప్రతిసారీ ఆ నిదానం కోసం ఆమె ప్రాణం కొట్టుకునేది. ఊపిరి పీల్చుకో అని ఒక్కసారి ఆయన నోట మళ్ళీ వినాలనిపించేది. ఏ పోటీకి వెళ్ళినా ముందు ప్లేట్లు మార్చేవాళ్ళ మొహాలు చూసేది. ఏడాది పాటు అలా వెతికింది.

చివరికి ఉండబట్టలేక కోచ్‌ని అడిగేసింది.

"తాత అడ్రస్ ఇవ్వండి సార్. నా మూలంగా పని పోయింది. ఒక్కో ప్లేటూ తుడిచి చూసి పెట్టేవాడు, అది పొరపాటు కాదని నాకు తెలుసు. ఒక్కసారి కాళ్ళకి దణ్ణం పెట్టుకుని వస్తాను."

కోచ్ తల అడ్డంగా ఊపాడు.

"ఎక్కడికెళ్ళారో నాక్కూడా చెప్పలేదమ్మా. ఎక్కడో ఇంకో హాల్లో, ఇంకో పిల్ల కోసం ప్లేట్లు మారుస్తూ ఉంటారు. తొంభై అనగానే నువ్వు చూసేది బరువుని కాదట, నా మొహాన్నట. నా భయం చూసి నువ్వు భయపడుతున్నావని, కాసేపు నన్ను బయటికి పొమ్మన్నారు."

"మీకన్నీ తెలిసి కూడా అంతలేసి మాటలెందుకన్నారు సార్?"

"ఇంకా ఇక్కడే ఉంటే రేపట్నుంచి ఆయన మొహం చూడ్డం మొదలుపెడతావట. అందుకని అందరి ముందూ తిట్టి పంపెయ్యమన్నారు. ఆ తిట్లు నా నోట్లోంచి ఎలా వచ్చాయో నాకే తెలుసు. నాకు రాడ్డు పట్టుకోవడం నేర్పిన గురువుగారమ్మా ఆయన."