జోడు దొరికింది

మార్చి పద్నాలుగున తల్లి వెంకటవ్వ కోరుట్ల నుంచి తెచ్చిన సర్వపిండి శ్వేత కడుపునిండా తింది. తల్లి చేతి తిండి అదే ఆఖరు.

మర్నాడు తెమడ పరీక్షలో టీబీ అని తేలింది. అప్పుడే ఇంకోటీ బయటపడింది. రెండేళ్ల కింద వెంకటవ్వకూ అదే జబ్బు. బీడీలు చుట్టుకుంటూనే మందులు మింగి, ఎవరికీ చెప్పలేదు.

"ఆర్నెల్లు గోళీలు మింగి పూరా నయం చేస్కున్న బిడ్డా! నా నుంచి నీకెట్ల అంటుతది?" తల్లి ఏడ్చింది.

"కన్నతల్లివి, నాకే దాస్తివి. ఇగ మా గడప తొక్కకు."

తల్లే మోసం చేశాక శ్వేతకు మిగిలింది భర్త దివాకర్. దుబాయిలో కంపెనీ మూతపడిందని నిరుడు మేడిపల్లికి తిరిగొచ్చాడు. గోళీలు ఇంటికి తెచ్చిన రోజే, "మూత్రం ఎర్రగ వస్తది, బుగులుపడకు. పరిగడుపునే వేస్కో," అన్నాడు. వికారానికి నిమ్మచెక్క పక్కన పెట్టేవాడు. నువ్వూ పరీక్ష చేయించుకో అంటే, "దుబాయిల ఏటా మెడికల్ చేస్తరు. నాకేమైతది?" అని నవ్వేవాడు. ఇన్ని తెలిసిన మొగుడు దొరకడం అదృష్టమనుకునేది శ్వేత.

మూడు నెలలకు ఒక సాయంత్రం టీబీ విభాగం నుంచి సంగీత వచ్చింది. దివాకర్ వంటింట్లో పాలు కాస్తున్నాడు.

"చెల్లె, మీ అమ్మను ఉత్తగనే తిట్టినవ్. రెండేండ్ల కింద దాచిపెట్టిన ఆమె నమూనా, నీ నమూనా హైదరాబాద్ పంపినం. క్రిముల జన్యువులన్నీ చదివిండ్రు. ఆమె క్రిమి జాతకం వేరు, నీ దాని జాతకం వేరు."

"మరి నాకెవలు అంటించిండ్రు మేడం?"

"నీ దానికి జోడు దొరికింది. రెండూ ఒక్క తానుల ముక్కలే. నిరుడు సిరిసిల్ల దవాఖానల ఒకాయన నెల రోజులు మందులు తీస్కొని మాయమైండు. పేరు, ఊరు దొంగవే రాయించిండు. ఫోన్ నంబరొక్కటే అసలుది. మోగుతది గని ఎత్తడు."

శ్వేత కళ్లు తుడుచుకుంది. తల్లి నిజమే చెప్పింది. తెల్లారగానే కోరుట్ల బస్సెక్కాలి. కాళ్లు పట్టుకోవాలి.

"మల్లోపారి కొట్టి చూస్త," అంటూ సంగీత ఫోన్ తీసింది.

వంటింట్లో ఫోన్ మోగి, మరుక్షణమే ఆగింది. దివాకర్ లోపలి నుంచి మెల్లగా తలుపు మూసుకున్నాడు.