స్తంభం మీద శిలువ

"మరి వాళ్లంతా ఏమైపోయారమ్మా?" అని అడిగింది ఎడిత్.

వంటింటి బల్లే ఆ ఇంట్లో బడి. మార్లా తన ఇద్దరు పిల్లలకూ అక్కడే చదువు చెబుతుంది. ఆ వారం పాఠం, ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చి, వాళ్ల ఊరికి దగ్గర్లోనే ఉన్న రోనోక్ దీవిలో కాపురం పెట్టిన తొలి వలసదారుల గురించి. సరుకుల కోసం స్వదేశం వెళ్లిన వాళ్ల గవర్నరు మూడేళ్లకు గానీ తిరిగి రాలేకపోయాడు. వచ్చి చూస్తే ఇళ్లు లేవు, మనుషులు లేరు. కోట గుంజ మీద పక్క దీవి పేరు మాత్రం చెక్కి ఉంది.

"ఏమయ్యారో ఎవరికీ తెలీదు," అంది మార్లా. "కానీ వాళ్లలో వాళ్లకు ముందే ఒక ఒప్పందం ఉంది. ఎక్కడికైనా వెళ్లిపోతే ఆ చోటు పేరు చెక్కాలి. ఆపదలో ఉంటే దాని పైన శిలువ గుర్తు కూడా పెట్టాలి. అక్కడ శిలువ లేదు."

కిటికీ దగ్గర జేబుచాకుతో యాపిల్ కోసుకుంటున్న ఆమె తండ్రి వెర్నన్ నవ్వాడు. "పారిపోయేవాళ్లకు చెక్కడాలు కూడానా?"

ఆ దెప్పు వలసదారులకు కాదని మార్లాకు తెలుసు. పెద్ద తుఫాను వస్తోందని తీరం ఊళ్లన్నీ ఖాళీ చేయమన్నారు. వెర్నన్ మాత్రం మొండికేశాడు. కిందటి తుఫానుకు ఊరు వదిలినవాళ్లను చేపల రేవులో ఏడాది పొడుగునా ఆటపట్టించిన మనిషి. ఇప్పుడు తనే వెళ్తే ఆ రేవులో తలెత్తుకోలేడు. కానీ ఈసారి నీళ్లు కిటికీల దాకా వస్తాయంటున్నారు. ఒక్కడే ఉండిపోతే నాన్న దక్కడని మార్లా భయం.

మర్నాడు పొద్దున్న ఆమె బతిమాలింది, కోప్పడింది, చివరికి ఏడ్చింది.

"నా కోసమైతే గుమ్మం దాటను," అన్నాడు వెర్నన్. "పిల్లలకేదైనా ఆపదొస్తే చెప్పు, అప్పుడు వస్తా."

ఆ మాట అని, పడవను గట్టిగా కట్టి రావడానికి రేవుకు వెళ్లిపోయాడు.

పిల్లలున్నారు కాబట్టి మార్లాకు బయలుదేరక తప్పలేదు. కారెక్కే ముందు కొడుకు వేడ్ వంటింటి కత్తి తెచ్చి, నీలం రంగు వేసిన వరండా స్తంభం మీద 'ఈడెన్‌టన్' అని చెక్కాడు. ఆ ఊరి చర్చి హాల్లోనే వాళ్లు తలదాచుకోబోతున్నారు. శిలువ కూడా పెడితే తాత పరిగెత్తుకొస్తాడన్నాడు వాడు. మార్లా ఒప్పుకోలేదు. అబద్ధంతో రప్పిస్తే నాన్న జన్మలో తనను నమ్మడని చెప్పి కత్తి లాగేసుకుంది.

సాయంత్రానికి గాలి హోరెత్తింది. ఫోన్లు పనిచేయడం మానేశాయి. తమ ఊరి నుంచి వచ్చే దారిలోని వంతెన మూసేస్తున్నారని హాల్లో ఎవరో అన్నారు. మార్లా ముందున్న సూప్ చల్లారిపోయింది. కన్నతండ్రిని వదిలేసి వచ్చానన్న బాధతో ఆమె మాటిమాటికీ తలుపు వైపే చూస్తోంది.

అప్పుడు తలుపు తోసుకుని వెర్నన్ వచ్చాడు, నిలువునా తడిసిపోయి.

హాలు నిండా రేవు జనమే. కిందటేడు అందరికంటే ఎక్కువ మాటలు పడ్డ హొరేస్ ఈ రోజు కోసమే కాచుకున్నట్టున్నాడు.

"ఏం వెర్నన్, నీక్కూడా కాళ్లొణికాయా?"

"నాకెందుకు వణుకుతాయి?" అన్నాడు వెర్నన్, హాలంతా వినబడేలా. "స్తంభం మీద శిలువ ఉంది. పిల్లలకేమైందోనని వచ్చా."

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. హొరేస్ కూడా తల దించుకుని తన కంబళి తీసి ఆయనకిచ్చాడు.

మార్లా ఊపిరి పీల్చుకుంది. మరుక్షణం కొడుకు వైపు ఉరిమి చూసింది. "వద్దని చెప్పాను కదరా."

"నేను కాదమ్మా, ఒట్టు," అన్నాడు వేడ్. వాడికి ఏడుపొక్కటే తక్కువ.

"వాణ్ణేం అనకు, పోనీ," అని వెర్నన్ గబగబా అడ్డుపడ్డాడు. మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, బల్ల మీది యాపిల్ ఒకటి అందుకుని, జేబులోంచి చాకు తీశాడు.

దాని అంచున నీలం రంగు పెచ్చు అంటుకుని ఉంది.