ఎడమ మలుపులో చప్పుడు

ఆ పెద్దావిడ మళ్లీ వచ్చింది.

కారును షెడ్డు ముందు ఆపి, ఇంజను కట్టేసి, సీట్లోంచి కదలకుండా కూర్చుంది.

పనివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. మేస్త్రి చేతిలోని స్పానరు బల్ల మీద పడేశాడు.

ఇది మూడోసారి. మొదటిసారి వచ్చినప్పుడు, ఎడమకు తిప్పితే ముందు చక్రం దగ్గర టకటకమంటోందని, వేగం అందుకుంటుంటే బండంతా వణుకుతోందని చెప్పింది. మేస్త్రి చెవికి ఆ వీధిలో పెద్ద పేరు. బానెట్ ఎత్తకుండానే జబ్బు చెప్పేస్తాడని ఎక్కడెక్కడి బళ్లో వెతుక్కుంటూ వస్తాయి. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని తానే నడిపాడు. ఎడమకు తిప్పాడు, కుడికి తిప్పాడు, ఎత్తు ఎక్కించాడు. చప్పుడు లేదు. వణుకూ లేదు.

రెండోసారి కారును పైకి లేపి, ముందు చక్రాన్ని తిప్పే ఇరుసు చివరి జాయింటును, దాని మీది రబ్బరు తొడుగును వేలితో తట్టి మరీ చూపించాడు. తొడుగు చిరగలేదు. గ్రీజు చుక్క కారలేదు. బండి బంగారంలా ఉందని చెప్పి పంపించాడు.

"ఏమ్మా, మళ్లీ టకటకా?" పనివాళ్లకు వినబడేలా అడిగాడు.

"ఒక్కసారి వెళ్లొద్దాం బాబూ."

ఆమెను పక్క సీట్లోకి జరగమని, విసుక్కుంటూనే స్టీరింగు ముందు కూర్చున్నాడు.

ఎడమ మలుపు రాగానే ఆమె కళ్లు మూసుకుంది.

"అదిగో. విన్నావా?"

మేస్త్రికి ఒళ్లు మండింది. కారును రోడ్డు వారకు లాగి ఆపేశాడు.

"చూపించుకోవాల్సింది నాక్కాదమ్మా, చెవుల డాక్టరుకి. ఇలా తిరుగుతుంటే పట్టుకుని కూర్చోబెట్టడానికి ఇంట్లో ఎవరూ లేరా?"

"లేరు" అంది.

కాసేపు అద్దంలోంచి రోడ్డు చూసింది. తర్వాత, నిజంగానే ఒక బండి అలా టకటకలాడితే అది ఏ జబ్బని అడిగింది.

పని గురించి అడిగితే మేస్త్రి నోరు ఊరుకోదు. తొడుగు చిరిగి, గ్రీజు పోయి, లోపలికి ఇసుక చేరి జాయింటు అరిగిపోయినట్టు లెక్క అన్నాడు. అలాగే తిప్పితే ఏదో ఒక మలుపులో విరిగి చక్రాన్ని పట్టేస్తుందని, అప్పుడు స్టీరింగు ఎటు తిప్పినా బండి తిరగదని చెప్పాడు.

"ముందే తెలుసుకోవడం కష్టమా?"

"కష్టమేముంది? టకటకమంటోందని మనిషి నోటితో చెప్తే చాలు, సగం తెలిసిపోతుంది. వంగి చక్రం వెనక చెయ్యి పెడితే గ్రీజు అంటుకుంటుంది. అర నిమిషం పని."

"ఎవరైనా ఆ అర నిమిషం వంగకుండా, ఏం లేదు పొమ్మంటే?"

"వాడు మెకానిక్కేంటమ్మా? హంతకుడు."

ఆమె తల ఊపింది.

"పని బాగా తెలిసినవాడివే" అంది.

షెడ్డు దగ్గర అతను దిగాక, తాను స్టీరింగు ముందుకు జరిగి కారు వెనక్కి తిప్పుకుంది. మరమ్మతుకిచ్చిన జీపు తీసుకెళ్లడానికి ఒక కానిస్టేబుల్ అప్పుడే గేటులోంచి వస్తున్నాడు. ఆమెను చూసి పక్కకు ఒదిగి నిలబడ్డాడు. ఆమె అద్దం దించి అతనితో ఏదో ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోయింది.

"బండిలో కాదురా, ఆవిడ బుర్రలో అరిగింది జాయింటు" అన్నాడు మేస్త్రి.

పనివాళ్లు పగలబడి నవ్వారు.

కానిస్టేబుల్ నవ్వలేదు.

"బండికేం లేదని ఆవిడకీ తెలుసు మేస్త్రీ" అన్నాడు. "అది వాళ్ల చెల్లెలి కారు. పోయిన నెల కొండ మలుపులో బండితో సహా లోయలో పడ్డ కుర్రాడు లేడూ, వాడి బండీ ఇలాంటిదే. ఆ రోజే నీ దగ్గరికి తెచ్చి చూపించాడట. టకటకమంటోందన్నాడట."

మేస్త్రి ఆ కుర్రాడి ముఖం గుర్తు తెచ్చుకోబోయాడు.

రాలేదు.

"మేస్త్రి అన్నం తింటున్నాడమ్మా, ఏం లేదు పొమ్మన్నాడు, బయల్దేరుతున్నా అని ఆవిడకి ఫోను చేశాడట. అదే ఆఖరి మాట" అన్నాడు కానిస్టేబుల్, జీపు తాళాలు అందుకుంటూ. "కేసు పెట్టమ్మా అని మేమే చెప్పాం, వద్దంది; తెలియక పంపాడా, తెలిసీ లేవలేదా, నా కొడుకు విషయంలో ఆ ఒక్కటీ తేలితే చాలంది, ఇందాక గేటు దగ్గర చెప్పింది, తేలిందని."