పైకెక్కని ఆయిల్

"జెర చిక్కటి ఆయిల్ పొయ్యి జలంధర్, చప్పుడు అదే బంద్ అయితది. పన్నెండున్నరకు బడి ఇడుస్తరు. టైమ్ మాఫీ, అసలే లేదు. యల్లా, జల్దీ!" అన్నాడు రహమతుల్లా.

"పొయ్య భాయ్. బండి గూడ ఇయ్య" అన్నాడు జలంధర్.

ఈ అరబ్బు దేశం వచ్చి, సనాయియా కార్ఖానాల వాడలోని షెడ్డులో మెకానిక్‌గా చేరినప్పటి నుంచీ జలంధర్ రహమతుల్లా మాట కాదన్నది లేదు. ఇద్దరిదీ కోరుట్లే. కానీ ఇవాళ రహమతుల్లా నడిపే బడి వ్యాను పాత కుట్టుమిషన్‌లా టకటక కొట్టుకుంటోంది. యాక్సిలరేటర్ తొక్కితే ఆ టకటక ఇంకా ఎక్కువవుతోంది.

ముందు సీట్లో రహమతుల్లా భార్య బిల్కిస్ కూర్చుని ఉంది. పిల్లల్ని ఎక్కించి దించడానికి రోజూ వ్యాన్లో వెళ్ళేది ఆమే. వచ్చినప్పటి నుంచీ బండి దిగలేదు.

జలంధర్ పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్ మీద ఆనించి, పిడికి చెవి పెట్టాడు. నాలుగు చోట్ల విన్నాడు.

"చప్పుడు కింద లేదు. పైన, వాల్వుల కాడ ఉంది."

"ఆయిల్ ఫుల్ ఉంది గదా! పొద్దుగాలనే పుల్ల తీసి చూసిన."

"కింద ఉంది భాయ్. పైకి ఎక్కుతలేదు."

ఆయిల్ ఒత్తిడి చూసే గేజీ బిగించి ఇంజిన్ స్టార్ట్ చేశాడు. ముల్లు కాస్త కదిలి, అక్కడే చతికిలబడింది. ఇంజిన్ ఆపి పైమూత విప్పాడు. ఆయిల్‌లో తడిసి నిగనిగలాడాల్సిన ఇనుము పొడిగా, గీతలు పడి కనిపించింది.

"చూడు. ఇట్లనే నడిపితే ఇంజిన్ పట్టేస్తది. పెద్ద రోడ్డు మీద, ఇంత ఎండల, పిల్లలు లోపల ఉండంగ బండి ఆగిపోతే?"

రహమతుల్లా పిల్లల్ని తేవడానికి వేరే బండి పంపమని బడికి ఫోన్ చేశాడు. "విప్పు" అన్నాడు.

ఆయిల్ దించి, జలంధర్ బండి కిందికి దూరి అడుగు తొట్టి ఊడదీశాడు. పంపు ఆయిల్‌ను పీల్చుకునే జల్లెడ అక్కడే ఉంటుంది. దానికి ఒక్క కన్ను కూడా తెరిచి లేదు. బూడిదరంగు ముద్ద ఏదో మెత్తి పెట్టినట్టుంది.

మాడిన ఆయిల్ మడ్డి అతనికి తెలుసు. ఇనుప రజను తెలుసు. ఇది ఆ రెండూ కాదు. వేళ్ళ మధ్య నలిపితే ఉండ చిట్లి లోపల తెల్లగా కనిపించింది. వాసన చూశాడు. మాడిన రొట్టె వాసన!

"భాయ్... ఇది మైదా."

"ఏందీ?"

"మైదాపిండి. ఎవరో ఆయిల్ మూత తీసి పోసిండ్రు. కావాల్నని."

రహమతుల్లా పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు. "పద్నాలుగు మంది పిల్లలు కూసుంటరు అండ్ల" అన్నాడు. అదే మాట మళ్ళీ అన్నాడు. ఉన్నట్టుండి లేచి ఫోన్ తీశాడు.

"నిసార్ అహ్మద్! వాడే! రోజూ నా పక్కకే వ్యాన్ పెడ్తడు. నా ట్రిప్పు మీద ఎప్పటికెల్లో కన్నేసిండు. ఫోటోలు తియ్యి జలంధర్, నువ్వే సాక్ష్యం. పోలీసుకు చేస్తున్న."

జలంధర్ ఫోటోలు తీశాడు. నిసార్ అహ్మద్ అతనికీ తెలిసినవాడే. రేపు అతను జైల్లో ఉంటాడు. ఆ తర్వాత ఇంటికి తరిమేసే విమానంలో ఉంటాడు. పైగా సాక్షి తను. కానీ ఇంకెవరు చేస్తారు ఇలాంటి పని?

వ్యాను తలుపు తెరుచుకుంది. బిల్కిస్ దిగింది.

"ఫోన్ పెట్టుండ్రి."

"నువ్వు ఊకో!"

"నిసార్ భాయ్ గాదు. నేను పోసిన."

సరిగ్గా వినలేదేమో అనుకున్నాడు జలంధర్. "ఏమంటున్నవ్ వదినా?"

"మొన్న తెల్లారక ముందు, ఫజర్ నమాజుకు ఈయన మస్జిద్‌కు పోయినప్పుడు పోసిన. రెండు గిలాసలు. తెల్లారి బండి కదలదనుకున్న. కదిలింది."

రహమతుల్లా చెయ్యి సగం లేచి ఆగింది. "పాగల్ అయినవా? పిల్లలు సచ్చిపోతుండె గదనే!"

"పిల్లల కోసమే పోసిన. చెప్తే ఇనకపోతిరి. తాళంచెవి దాస్తే ఇంకోటి చేయించిండ్రి."

"ఏం చెప్పినవ్? స్టీరింగ్ ముంగట నిద్ర పోతున్ననని! నేను ఎన్నడు పోయిన? జలంధర్, నువ్వే చెప్పు. కన్ను మూస్తనా నేను?"

జలంధర్ చేతిలోని జల్లెడ కింద పెట్టాడు.

"మూయరు" అంది బిల్కిస్. కోపం లేదు ఆమె గొంతులో. "కండ్లు తెరిచే ఉంటయి. పిలిస్తే పలుకరు, గుంజితే కదలరు. మళ్ళ మామూలుగ ముచ్చట పెడ్తరు, మీకేం యాదుండది."

"అబద్ధం! ఎప్పుడు? ఎప్పుడైంది అట్ల?"

"ఇయ్యాల పొద్దుగాల, బండి నిండ పిల్లలున్నప్పుడు, ఘర్రాఫా సిగ్నల్ కాడ స్టీరింగ్ తిప్పింది మీరు గాదు... నేను."